గంజాయిని చట్టబద్ధం చేయాలంటున్నారు: కర్నూలు, అనంతపురం, కడపల్లో మీరు కళ్లారా చూసింది చెప్పండి (ప్రతి రాత పైన ఉన్నది రాసినవాళ్లు పెట్టుకున్న మారుపేరు)

తుంగభద్ర గట్టు, కర్నూలు

పోయిన నెల నీళ్ల ట్యాంకు నిండిందో లేదో చూద్దామని మిద్దె ఎక్కాను. ట్యాంకు కింద ఇటుకల సందులో ఒక పాత బిస్కెట్ డబ్బా. అందులో చిన్న కత్తెర, చుట్టుకునే సన్న కాయితాలు, వేలెడంత ప్లాస్టిక్ పొట్లం. మూత తీయగానే గుప్పున వాసన. ఆరు నెలలుగా మా తమ్ముడు తన గదిలో పొద్దస్తమానం అగరబత్తీలు ఎందుకు వెలిగిస్తున్నాడో అప్పుడు తెలిసింది. అమ్మ పాపం, వాడికి భక్తి పెరిగిందని సంబరపడుతోంది.

వాడికి 19 ఏళ్లు. బీటెక్ రెండో సంవత్సరం. నాయన పోయి మూడేళ్లయింది, ఇంటికి పెద్దవాణ్ని నేనే. ఇంకా అమ్మకు చెప్పలేదు.

నేను ఇంటి నుంచే పని చేస్తాను, మా టీమంతా బెంగళూరులో ఉంటుంది. అదే వారం మీటింగ్ అయిపోయాక మాటల్లో గంజాయి చర్చ వచ్చింది. కెనడా చేసింది, జర్మనీ చేసింది, మందు కంటే ఇదే నయం, మన దగ్గర ఎందుకు చేయరు అని అందరూ హుషారుగా మాట్లాడారు. నేను మైకు ఆపేసి కూర్చున్నా. వాళ్లు మాట్లాడుతున్నంతసేపూ నా కళ్ల ముందు ఆ డబ్బానే.

నాకు రెండు విషయాలు తెలియాలి. చట్టబద్ధం చేస్తే మా తమ్ముడి లాంటివాడికి మేలా, కీడా? ఇప్పుడు వాణ్ని ఆసుపత్రికి తీసుకుపోతే కేసు అవుతుందా? ఎవరినీ తిట్టకుండా, మీరు చూసింది చూసినట్టు చెప్పండి.

నల్లకోటు, కడప

రెండో ప్రశ్నే ముందు. అది ఆగే పని కాదు.

కేసు కాదు. మీ తమ్ముడికి ఈ అలవాటు ఉందని డాక్టరుకు చెప్పినందుకు ఎవరూ కేసు పెట్టరు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోనే, అంటే మత్తుమందుల చట్టంలోనే, సెక్షన్ 64ఎ అని ఒకటుంది. తాగిన నేరం మీదో, చిన్న మొత్తం దొరికిన నేరం మీదో కేసు పడినవాడు కూడా, అలవాటుకు బానిసై ఉండి, సర్కారు ఆసుపత్రిలోనో సర్కారు గుర్తింపు ఉన్న కేంద్రంలోనో తనంతట తాను చికిత్స తీసుకుంటే ఆ కేసులో విచారణ నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ తీసేయవచ్చు. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో ఈ సెక్షన్ సంగతి ముందే తెలిసినవాళ్లను నేను ఇంతవరకూ చూడలేదు.

మిగతా చట్టం కూడా చెప్తాను, చాలామందికి తప్పుగా తెలుసు. గంజాయి అంటే చట్టం లెక్కలో మొక్క పూత, కాయ ఉన్న కొసలు. ఒట్టి ఆకు, ఒట్టి గింజ ఆ లెక్కలోకి రావు. అందుకే ఉత్తరాదిలో కొన్నిచోట్ల, ఆకుతో చేసే భంగు దుకాణాలు సర్కారు లైసెన్సుతో నడుస్తున్నాయి. కిలో లోపు దొరికితే ఏడాది వరకు జైలు, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే పదేళ్లకు తగ్గకుండా 20 ఏళ్ల వరకు. మధ్యలో దొరికితే పదేళ్ల వరకు. తాగినందుకు మాత్రమే అయితే సెక్షన్ 27 కింద ఆరు నెలల వరకు. 20 కిలోలు దాటిన కేసులో బెయిలు రావడం చాలా కష్టం, చార్జిషీటు వేయడానికే పోలీసులకు 180 రోజుల గడువు ఉంటుంది.

మైదుకూరు వైపు నుంచి ఒక పిల్లోడి కేసు చూస్తున్నాను. సంచి రైల్లో తెచ్చి దించితే నాలుగు వేలు ఇస్తామన్నారట. తూకం 20 దాటింది. వాళ్లమ్మ వాయిదా వాయిదాకీ సద్ది కట్టుకుని వస్తుంది, వాడు తినేదాకా ఆమె నోట్లో ముద్ద పెట్టుకోదు. ఆ సంచి అసలు ఎవరిదో ఈ రోజుకీ తేలలేదు. తూకంలో ఆకు, కాడ, పూత కలిపేశారా, విడదీశారా అన్నదాని మీదే సగం వాదన నడుస్తోంది. ఆ తేడా మీద వాడి పదేళ్లు ఆధారపడి ఉన్నాయి.

చెనక్కాయ చేను, అనంతపురం

నేను ఆరేళ్లు టొరంటోలో ఉండి వచ్చాను. 2018 అక్టోబర్ 17న కెనడాలో చట్టబద్ధమైన రోజు నేను అక్కడే ఉన్నా. కాబట్టి చూసిందే రాస్తున్నా.

మీ బెంగళూరు మిత్రులు అనుకునేంత విచ్చలవిడిగా ఏమీ ఉండదు. మేమున్న ఒంటారియోలో 19 నిండాలి. క్యూబెక్‌లో మొదట 18 పెట్టి, 2020లో 21కి పెంచారు. బయట దగ్గర ఉంచుకోగలిగేది 30 గ్రాములే. చిన్నపిల్లలకు అమ్మితే 14 ఏళ్ల వరకు జైలు. ప్యాకెట్టు మీద బొమ్మలూ హంగులూ ఉండవు, ఎర్ర గుర్తు, పసుపు డబ్బాలో హెచ్చరిక, టీహెచ్‌సీ, అంటే మత్తెక్కించే రసాయనం, ఎంత శాతమో అంకె. మా ఇంటి ఓనరు, డెబ్బై ఏళ్ల పెద్దావిడ, మోకాళ్ల నొప్పికని కొనుక్కొచ్చి ఆ అంకె నాతో చదివించుకునేది. కొనేవాడికి తను కొనేదేమిటో తెలుస్తుంది. మన దగ్గర పొట్లంలో ఏం కలిపారో అమ్మేవాడికే తెలియదు.

ఇక రెండో వైపు. తినే రకాలు వచ్చాక, అంటే గమ్మీలు, చాక్లెట్లు, పసిపిల్లలు మిఠాయి అనుకుని తిని ఆసుపత్రుల పాలవడం పెరిగింది. ప్యాకెట్టుకు 10 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ టీహెచ్‌సీ ఉండకూడదని, పిల్లలు విప్పలేని మూత ఉండాలని నియమాలు పెట్టినా పెరిగిందని అక్కడి డాక్టర్ల అధ్యయనాలే చెప్పాయి. మా పక్క ఫ్లాటులో గుజరాతీ కుటుంబం వాళ్ల పాపకు మూడేళ్లు. ఒక సాయంత్రం ఆ పాప మెడ నిలపలేక పోతుంటే అంబులెన్సు వచ్చింది. పాప బతికింది, బాగానే ఉంది. కానీ అక్కడ వాళ్లు దాచకుండా డాక్టరుకు చెప్పగలిగారు. ఆ ఒక్క మాట నాకు ఇప్పటికీ గుర్తు.

నా ఉద్దేశం: కెనడాలో నడిచింది అక్కడి తనిఖీ వల్ల. మన ఊళ్లో సిగరెట్టు కొనడానికి వచ్చిన పిల్లోణ్ని వయసెంత అని అడిగిన బంకును నేను చూడలేదు.

ఓపీ గది, కడప

నేను మానసిక వైద్య విభాగంలో పని చేస్తాను. మందు కంటే నయం అన్న మాటకు జవాబు చెప్పాలనిపించింది.

శరీరానికి చేసే కీడులో మందు పెద్దదే. కాలేయం, ప్రమాదాలు, ఇంట్లో కొట్లాటలు అన్నీ కలిపితే మద్యంతో జరిగే నష్టానికి సాటి లేదు. కానీ మనిషిని బట్టి, వయసును బట్టి గంజాయి కీడు మారిపోతుంది. తాగేవాళ్లలో దాదాపు పదిమందిలో ఒకరు బానిసలవుతారు. టీనేజీలోనే మొదలుపెట్టినవాళ్లలో దాదాపు ఆరుగురిలో ఒకరు. మెదడు ఎదుగుదల 25 ఏళ్ల దాకా సాగుతుంది కాబట్టి ఆ తేడా. 2019లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో యూరప్, బ్రెజిల్ ఊళ్లలో చేసిన అధ్యయనం వచ్చింది. ఘాటు సరుకు రోజూ తాగేవాళ్లకు సైకోసిస్, అంటే లేనివి వినిపించి, కనిపించి మనసు వాస్తవం నుంచి తెగిపోయే జబ్బు, వచ్చే అవకాశం, ఎన్నడూ తాగనివాళ్లతో పోలిస్తే, దాదాపు అయిదు రెట్లు అని తేలింది.

ఈ అంకెలు నాకు మనుషుల రూపంలో కనిపిస్తాయి. ఒక కుర్రాడు చెవుల్లో దూది కుక్కుకుని వచ్చాడు. పక్కింటి బోరు మోటారు వేసినప్పుడల్లా ఆ మోతలో తన పేరు వినిపిస్తోందట. దూది తీయమని వాళ్లమ్మ చెయ్యి వేస్తే విదిలించాడు. ఆ చేతికి అప్పటికే రెండు తాయెత్తులు. అలవాటు సంగతి మాకు చెప్పడానికి తండ్రికి మూడో విజిట్ దాకా నోరు రాలేదు. ఎందుకు చెప్పలేదయ్యా అంటే, పోలీసులకు తెలుస్తుందని భయం మేడమ్ అన్నాడు. ఆ మూడు విజిట్ల మధ్య దాదాపు నెలన్నర పోయింది. ఆ జబ్బులో నెలన్నర చాలా ఎక్కువ.

తుంగభద్ర గట్టు గారూ, మీ తమ్ముడు తనలో తాను మాట్లాడుకుంటున్నా, ఎవరో గమనిస్తున్నారని అంటున్నా, రాత్రిళ్లు బొత్తిగా నిద్రపోకపోయినా వారం ఆగవద్దు. అవేవీ లేకపోతే గాభరా పడకండి, కానీ తీసుకెళ్లండి.

గుంతకల్ ప్లాట్‌ఫారం

నాకు 27. ఆరేళ్లు తాగాను. మానేసి రెండేళ్లయింది.

చట్టం నన్ను ఆపలేదు. బెంగళూరు హాస్టల్లో మొదలుపెట్టిన రోజు చట్టం సంగతి ఆలోచించనే లేదు. సరుకు దొరకని రోజంటూ ఉండేది కాదు, పుస్తకం కొనడం కంటే సులువు. అందుకే దుకాణం పెడితే కొత్తగా దొరుకుతుందన్న వాదన నాకు ఎక్కదు. ఇప్పుడే దొరుకుతోంది.

చట్టం వల్ల జరిగింది ఒకటుంది. అది చెప్పడానికే వచ్చాను. ఒక రాత్రి మాలో ఒకడు గంజాయి చాక్లెట్ రెండు తిన్నాడు. ఒకటి తిని గంట చూశాడు, ఏమీ కాలేదని రెండోది తిన్నాడు. తింటే ఎక్కడానికి ఆలస్యమవుతుందని మాకెవరికీ తెలియదు. అర్ధరాత్రికి వాడి గుండె దడదడ కొట్టుకుంటోంది, వాంతులు, నేను చచ్చిపోతున్నా అని ఏడుపు. 108కి ఫోన్ చేద్దామని నేను నంబరు కొట్టాను. పక్కవాడు ఫోన్ లాక్కున్నాడు. వద్దురా, అందరం లోపలికి పోతాం అన్నాడు. నలుగురం మిద్దె మీద వాణ్ని ఒళ్లో పడుకోబెట్టుకుని తెల్లారేదాకా తడిగుడ్డతో మొహం తుడుస్తూ కూర్చున్నాం. వాడు బతికాడు. బతక్కపోయి ఉంటే నేను ఈ రోజు ఏమై ఉండేవాణ్నో తెలియదు. వాణ్ని చూసిన ప్రతిసారీ ఆ ఫోన్ గుర్తొస్తుంది.

జైలు భయం వల్ల మేం తాగడం మానలేదు. డాక్టరు దగ్గరికి పోవడం మానేశాం. నేను చెప్పేది ఇంతే.

ఆదోని ఆడబిడ్డ

తమ్ముడూ, నీ మాట చదివి కళ్లు తడిశాయి. అయినా నేను దుకాణానికి ఒప్పుకోను.

మా నాయన సారా తాగి పోయాడు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద లేచినప్పుడు నేను ఆరో తరగతి. మా వీధి ఆడవాళ్లు కూడా చీపుర్లు పట్టుకుని దుకాణం ముందు కూర్చున్నారు, మా అమ్మ చంకలో చెల్లెలితో కూర్చుంది. మరుసటేడు మన కర్నూలు మనిషే, కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రిగా సారా నిషేధించారు. 1995 జనవరిలో రామారావు గారు మొత్తం మద్యమే ఆపారు. 1997లో మళ్లీ తలుపులు తెరుచుకున్నాయి. ఖజానాకు డబ్బు కావాలి. ఆ తర్వాత ఎవరొచ్చినా దుకాణాలు ఎవరు నడపాలన్న గొడవే కానీ మూసెయ్యాలన్న మాట నిలబడలేదు. సర్కారుకు ఒకసారి ఆ రుచి తగిలిందంటే ఇక వదలదు.

2019లో ఎయిమ్స్ డాక్టర్లు కేంద్రం కోసం చేసిన సర్వే వచ్చింది కదా. దేశంలో మందు తాగేవాళ్లు 16 కోట్లు, గంజాయి జాతి మత్తు వాడేవాళ్లు 3.1 కోట్లు. దుకాణం ఉన్నదానికి అన్ని కోట్లు, దాచుకుని తాగేదానికి ఇన్ని. రేపు రెండో దానికీ బోర్డు పెడితే ఏమవుతుంది? మా ఆదోనిలో పత్తి మిల్లు నుంచి వచ్చే మగవాళ్లు రెండు దుకాణాలు దాటి ఇంటికి రావాలి. మూడోది వద్దు.

చెనక్కాయ చేను, అనంతపురం

అక్కా, కాదనను. కానీ 2020లో మన దగ్గర మందు ధరలు పెంచినప్పుడు బళ్లారి, రాయచూరు వైపు నుంచి కర్ణాటక ప్యాకెట్లు ఎట్లా వచ్చాయో మీ ఆదోనికే ఎక్కువ తెలుసు. ధర పెంచినా, మూసేసినా సరుకు వేరే దారిలో వచ్చింది.

ఆదోని ఆడబిడ్డ

వచ్చింది, నిజమే. దొంగదారిన వచ్చేది అందరి ఇంటికీ రాదు. అంతే నా లెక్క.

ఓపీ గది, కడప

అక్క చెప్పిన 3.1 కోట్లలో లైసెన్సు దుకాణాల్లో దొరికే భంగు వాడేవాళ్లు కూడా ఉన్నారు, అది గమనించాలి. అయినా దొరకడం సులువైతే వాడకం పెరుగుతుందన్న భయాన్ని నేను తీసిపారేయను.

రిటైర్డ్ హెడ్డు, కర్నూలు

30 ఏళ్లకు పైగా ఖాకీ వేసుకున్నాను. పంచలింగాల చెక్‌పోస్టులో కొన్నాళ్లు చేశాను. ఎండుమిర్చి మూటల కింద, కాఫీపొడి చల్లిన సంచుల్లో, కొబ్బరికాయల లోడు అడుగున చూశాం. లారీ తలుపు తీయగానే మిర్చి ఘాటుకు కళ్లు మండి మేం వెనక్కి తగ్గుతామని వాళ్ల లెక్క.

సరుకు పుట్టేది మన సీమలో కాదు. విశాఖ ఏజెన్సీ, దాన్ని ఆనుకుని ఒడిశా కొండలు. శీలావతి అని పేరున్న రకం అక్కడిదే. ఆపరేషన్ పరివర్తన పేరుతో తోటలు నరికించి, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోలు తగలబెట్టారు. అంత కాల్చినా రావడం ఆగలేదు. ఇప్పుడు ఈగల్ అని ప్రత్యేక విభాగం వచ్చింది, 1972కి ఫోన్ చేసి సమాచారం ఇవ్వొచ్చు.

నా అనుభవం ఒకటి. జేబులో పొట్లంతో దొరికిన కాలేజీ పిల్లోడి కేసుకూ కాయితాల పని తక్కువేమీ కాదు. గెజిటెడ్ అధికారి ముందు వెతికించుకునే హక్కు ఉందని చెప్పాలి, పంచనామా రాయాలి, తూకం వేయాలి, శాంపిల్ సీలు చేయాలి, ల్యాబుకు పంపాలి, తర్వాత కోర్టు చుట్టూ సాక్షులతో తిరగాలి. ఆ టైములో పెద్ద లోడు దాటిపోతుంది. ఇంకోటి, చిన్న పిల్లోణ్ని రెండు వారాలు లోపల ఉంచితే అక్కడ పెద్దవాళ్ల పరిచయం అవుతుంది. తాగడానికి పోయినవాడు అమ్మేవాడై తిరిగొచ్చిన కేసులు నా చేతి మీదుగా పోయాయి. వాళ్ల మొహాలు నాకు గుర్తున్నాయి.

అమ్మేవాడికి జైలు ఉండాల్సిందే, అందులో నేను రాజీపడను. తాగే పిల్లోణ్ని మాత్రం డాక్టరుకు అప్పజెప్పే అధికారం స్టేషన్‌కు ఇచ్చి ఉంటే బాగుండేది.

పాత చిలుం, పత్తికొండ

మా జేజినాయన కాలంలో శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయే బైరాగులు మా రచ్చబండ మీద ఆగేవాళ్లు. చిలుం వెలిగించేవాళ్లు. శివమూలిక అనేవాళ్లే కానీ మత్తుమందు అన్న పేరే లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాయికి లైసెన్సు దుకాణాలుండేవి. 1893-94లో తెల్లదొరలే కమిషన్ వేసి, మితంగా వాడితే పెద్దగా కీడు లేదు, మొత్తంగా నిషేధించనక్కర లేదని రాశారు. 1961లో ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో చేరాం, 1985లో మన చట్టం చేసుకున్నాం. 2020 డిసెంబర్‌లో అదే ఐక్యరాజ్యసమితి అతి ప్రమాదకరమైన వాటి జాబితా నుంచి గంజాయిని తీసేస్తే మన దేశం కూడా ఔననే ఓటు వేసింది. మన ఆచారాన్ని బయటివాళ్ల మాట మీద నేరం చేసుకున్నామన్నదే నా బాధ.

ఓపీ గది, కడప

పెద్దాయనా, ఆ బైరాగులు ఏడాదికోసారి వచ్చిపోయే పెద్దవయసు మనుషులు. నా గదికి వచ్చేవాళ్లు పొద్దున లేస్తూనే వెలిగించే 17 ఏళ్ల పిల్లలు. సరుకు ఘాటు కూడా అప్పటిది కాదు.

నల్లకోటు, కడప

అందరూ దుకాణమా, జైలా అని రెండే దారులున్నట్టు మాట్లాడుతున్నారు. మధ్యలో చాలా ఉన్నాయి.

పోర్చుగల్ 2001లో ఏం చేసిందో చూడండి. దుకాణాలు పెట్టలేదు. అమ్మకం ఈ రోజుకీ నేరమే. పది రోజుల వాడకానికి మించకుండా దగ్గరుంటే మాత్రం కోర్టుకు పంపకుండా ఒక చిన్న కమిటీ ముందుకు పంపుతారు. అందులో న్యాయం, వైద్యం, సామాజిక సేవ తెలిసినవాళ్లు ఉంటారు. జర్మనీ 2024 ఏప్రిల్ నుంచి 25 గ్రాములు దగ్గర ఉంచుకోవచ్చు, ఇంట్లో మూడు మొక్కలు పెంచుకోవచ్చు అంది, అక్కడా మామూలు దుకాణాల్లేవు. థాయిలాండ్ 2022లో ఒక్కసారిగా తలుపులు తెరిచి వీధి వీధినా కొట్లు వెలిశాక, 2025 జూన్‌లో మళ్లీ డాక్టరు చీటీ ఉండాలని బిగించింది. మన పార్లమెంటులో కూడా పటియాలా ఎంపీ ధరమ్‌వీర గాంధీ 2016లో గంజాయి, నల్లమందు లాంటి వాటిపై చట్టం సడలించాలని ప్రైవేటు బిల్లు తెచ్చారు. అది ముందుకు సాగలేదు.

నాకు పోర్చుగల్ దారి నచ్చుతుంది. అక్క భయం అందులో తీరుతుంది, గుంతకల్ తమ్ముడి ఫోన్ కూడా పక్కవాడు లాక్కోడు.

గుంతకల్ ప్లాట్‌ఫారం

తుంగభద్ర అన్నా, ఒక ముఖ్యమైన మాట. నన్ను మొదట హైవే పక్కన ఒక ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటరులో వేశారు. నలభై రోజులు. డాక్టరు వారానికోసారి తొంగి చూసేవాడు, మిగతా టైమంతా తాళం, తిట్లు. బయటికొచ్చిన రోజే మళ్లీ వెలిగించా. తర్వాత సర్కారు ఆసుపత్రి ఓపీలో చూపించుకున్నాక తేరుకున్నా. మానేసిన మొదటి రెండు వారాలు నిద్ర పట్టదు, చెమటలు, చీటికీ మాటికీ కోపం, పిచ్చి కలలు. అది తగ్గుతుందని ముందే చెప్పేవాళ్లుంటే సగం భారం దిగుతుంది. 14446 డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్, 14416 టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, రెండూ ఉచితం, రెండిటికీ నేను మాట్లాడా.

తుంగభద్ర గట్టు, కర్నూలు

సోమవారం తీసుకుపోయా. ముందు రోజు రాత్రి డబ్బా వాడి మంచం మీద పెట్టి ఎదురుగా కూర్చున్నా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వాడి నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "కేసు పెడతారా అన్నా?" నల్లకోటు గారి జవాబు ఫోన్‌లో తెరిచి చేతికిచ్చాను. రెండుసార్లు చదివాడు.

ఓపీ చీటీ రాయించుకుని రెండు గంటలు లైనులో నిలబడ్డాం. డాక్టరమ్మ నన్ను బయటికి పంపి వాడితో ఒక్కడితోనే మాట్లాడింది. ఏం మాట్లాడిందో నేను అడగలేదు. మాటలు వినిపించడం లాంటివేవీ లేవని మాత్రం చెప్పింది. అమ్మకు ఇద్దరం కలిసి చెప్పాం. ఆమె అరవలేదు, అగరబత్తీల కట్ట తీసుకెళ్లి దేవుడి గూట్లో పెట్టింది.

చట్టం గురించి నేను అడిగిందానికి నా మనసులో ఇప్పుడు ఉన్నది చెప్తా. తాగినవాడి మీద జైలు భయం తీసెయ్యాలి. మా వీధి చివర దుకాణం మాత్రం నాకు వద్దు. మా టీమ్‌లో ఈసారి ఆ మాట వస్తే మైకు ఆపను.

నిన్న రాత్రి మూడు గంటలప్పుడు మిద్దె మీద అడుగుల చప్పుడు. గుండె జల్లుమంది. పైకి పోయి చూస్తే నిద్ర పట్టక ట్యాంకు చుట్టూ తిరుగుతున్నాడు. చేతుల్లో ఏమీ లేదు. నేనూ చాప తెచ్చుకుని పక్కనే వేసుకున్నా. శనివారం మళ్లీ రమ్మన్నారు.